‘చెయ్యి చాచడం మా ఇంటా వంటా లేదండీ!’

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విశాఖపట్నంలో మధురవాడ దగ్గర ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఒక ఆడపిల్లల హోముకి వెళ్లి లెక్కలు చెబుతున్నాను. అక్కడ 38 మంది ఉన్నారు, ఉన్న బాత్‌రూమ్‌లు మాత్రం 3. పిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు, రాత్రి పడుకునే ముందే బకెట్లు వరసలో పెట్టుకుంటారు. ఇంకో నాలుగు కట్టడానికి 4 లక్షల 80 వేలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. హోము నడిపే మేడమ్ గారు ‘మీ అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో నువ్వు అడుగుతావా అమ్మా’ అంటే కాదనలేక ‘సరే మేడమ్’ అనేశాను. అప్పట్నుంచి నిద్ర లేదు. లిఫ్ట్‌లో పక్కింటివాళ్లు కనబడితే ఫోన్ చూసుకునే రకం నేను. నాన్నేమో ‘చెయ్యి చాచడం మన ఇంటా వంటా లేదు, కావాలంటే నీ జీతంలోంచి ఇవ్వు’ అంటున్నారు. నా ఫ్రెండ్ మాత్రం ‘నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లు పరుగెత్తి లింక్ పెట్టు, అడక్కుండానే డబ్బులొస్తాయి’ అంటోంది. నేను బస్సు కోసం కూడా పరుగెత్తను. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, విశాఖ

జవాబు:

మీరు నాకంటే చాలా చిన్నవారు, అయినా ‘మీరు’ అనే అంటాను, అలవాటు.

ముందు ఒక లెక్క వేద్దాం, లెక్కలు చెప్పేది మీరే కదా. 38 మంది, ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఉన్నవి 3. మొత్తం రెండు గంటల పైనే. అవే ఏడు ఉంటే గంటలో అయిపోతుంది. అంటే మీరు అడగబోయేది 38 మంది పిల్లలకి రోజూ పొద్దున్నే ఇంకో గంట నిద్ర. మీ ఉత్తరంలో మేస్త్రీ చెప్పిన అంకె ఉంది గానీ ఈ గంట లేదు. రేపు మీరు ఎవరింటి సోఫాలో కూర్చున్నా ముందు ఈ గంట గురించి చెప్పండి, లక్షల సంగతి తర్వాత.

మారథాన్ సంగతి చెప్తాను. పరుగు మంచిదే, ఆర్కే బీచ్‌లో తెల్లారీ తెల్లారకముందు అంతమంది ఒక్కసారి కదులుతుంటే చూడ్డానికే బాగుంటుంది. లండన్‌లో, మన ముంబయిలో మారథాన్ పేరు మీద స్వచ్ఛంద సంస్థలకి కోట్లలో విరాళాలు వస్తాయి, అదీ నిజమే. కానీ అక్కడ కూడా పరుగెత్తేవాడు ఆఫీసులో పక్క సీటువాణ్ని ‘నువ్వెంత ఇస్తావు’ అని అడగాల్సిందే. అడగనివాడికి ఫోన్లో వచ్చేది బొటనవేలు బొమ్మ, ‘ఆల్ ది బెస్ట్’, మహా అయితే ఒక దండం బొమ్మ. మీ ఫ్రెండ్ సలహాలో తీయగా ఉన్న మాట ఒక్కటే, ‘అడక్కుండానే’ అన్నది. మూడు నెలలు పొద్దున్నే లేచి మోకాళ్లు అరగదీసుకోవడం మీకు కష్టమే గానీ, మూడో అంతస్తు అంకుల్ గారి తలుపు కొట్టడం కంటే తేలిక, అందుకే ఆ ఆలోచన నచ్చుతోంది. పరుగు మీద ఇష్టం ఉంటే తప్పకుండా పరుగెత్తండి, లేకపోతే మాత్రం దాని వెనక దాక్కోకండి. కంఫర్ట్ జోన్ దాటాలి, కంఫర్ట్ జోన్ దాటాలి అని ఇప్పుడు ప్రతివాళ్లూ అంటున్నారు, మా అమ్మ దానికి ‘గడప’ అనే మాట వాడేది, మీ గడప ఎక్కడుందో మీకు బాగా తెలుసు. అది బీచ్ రోడ్డులో లేదు, మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఉంది.

ఇక నాన్నగారు. ఆయన్ని తప్పు పట్టను, ఆ తరంలో పరువు అంటే అప్పు చేయకపోవడం, అడక్కపోవడం. కానీ ఒక్క ప్రశ్న మెల్లగా అడిగి చూడండి. సంక్రాంతి నెలంతా హరిదాసు నెత్తిన అక్షయపాత్ర పెట్టుకుని వాకిట్లోకి వస్తాడు, మనింటి పిల్లలు దోసిట్లో బియ్యం తెచ్చి పోస్తుంటే వాళ్లకి అందేలా వంగుతాడు. ఆయన్ని చూసి ఎవరైనా ‘చెయ్యి చాచాడు’ అంటారా? వినాయక చవితికి కుర్రాళ్లు చందా పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి, మీరు వంద రాయబోతే ‘ఐదొందలు రాయండి ఆంటీ’ అని మొహమాటం లేకుండా అంటారే, వాళ్లకెక్కడి నుంచి వచ్చింది ఆ ధైర్యం? దేవుడి పని అనే నమ్మకం నుంచి. (ఇంకో కిటుకు కూడా ఉంది, వాళ్లెప్పుడూ ఒక్కరే రారు, ఐదుగురొస్తారు. దాని గురించి తర్వాత చెప్తాను.) బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994 వేలంలో 450 రూపాయలకి పాడుకున్నారు, 2024లో 30 లక్షలు దాటింది. మనవాళ్ల దగ్గర డబ్బు లేదనీ, ఇచ్చే చెయ్యి లేదనీ నేనైతే ఒప్పుకోను.

నాన్నగారికి ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తెలిసే ఉంటుంది. ఆవిడ పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1921లో, గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్లో ఉన్న దేవదాసీ స్త్రీలూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలూ ఆయన్ని చూడాలి, ఆయన మాట వాళ్లు వినాలి అని ఈ పిల్ల పట్టు పట్టింది. అసలు ఆ వీధుల్లోకి పెద్దింటి ఆడపిల్ల వెళ్లడమే నోరు నొక్కుకునే విషయం ఆ రోజుల్లో. సభ ఏర్పాటు చేసే పెద్దలు, చిన్నపిల్లని వదిలించుకుందామనుకున్నారో ఏమో, ‘5,000 రూపాయల నిధి ఇప్పిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తాం’ అన్నారు. అప్పట్లో 5,000 అంటే ఎంతో మీరే ఊహించుకోండి. ఆ పిల్ల వెళ్లి అడిగింది, దేవదాసీలే ఆ డబ్బు పోగుచేశారు. గాంధీ వచ్చి, అనుకున్న నిమిషాలు దాటి మాట్లాడారు, వాళ్లు వేసుకున్న నగలు కూడా తీసి ఇచ్చారు, ఆ హిందీ ప్రసంగాన్ని తెలుగు చేసింది కూడా ఈ పిల్లే. ఇందులో నాకు నచ్చేది గాంధీ రావడం కంటే ఇంకొకటి. సమాజం వీళ్ల దగ్గర ఏముంటుందిలే అనుకున్నవాళ్లనే ఆ పిల్ల అడిగింది. మీరూ అడిగేవాళ్ల జాబితా రాసేటప్పుడు ‘వీళ్లేం ఇస్తారులే’ అని ఎవరినీ కొట్టేయకండి, మీ వాచ్‌మన్‌తో సహా. ఇస్తే తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం, అడగడం కూడా ఒక మర్యాదే.

ఇప్పుడు నా సంగతి. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, క్లాసులో పులిని, బయట పిల్లిని. ఇరవై ఏళ్ల కిందట మా ఊరి దగ్గర ఇటుక బట్టీల్లో పనిచేసే పిల్లల్ని బడికి తెచ్చే ముందు కొన్నాళ్లు ఒక చోట ఉంచి చదివించాలని కొంతమందిమి అనుకున్నాం. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లాలో నడిపిన బ్రిడ్జి క్యాంపుల గురించి విని, అలాంటిదే చిన్నది. చలికాలం, దుప్పట్లు లేవు. బజారుకి నేను వెళ్లాల్సి వచ్చింది. మొదటి బట్టల కొట్టాయన కూర్చోబెట్టి టీ తెప్పించి అంతా విని ‘ఎంత కావాలమ్మా’ అన్నాడు. నేను ‘మీ ఇష్టమండీ’ అన్నాను. ఆయన గల్లాపెట్టె తీసి 11 రూపాయలు ఇచ్చాడు. పాపం ఆయన తప్పేమీ లేదు, నా ఇష్టం అంటే ఇంతే అనుకున్నాడు. బయటికొచ్చి ఏడుపొచ్చింది, అది సిగ్గో కోపమో నాకు తెలీదు. ఆ కోపంలోనే పక్క కొట్లోకి వెళ్లి ‘పది దుప్పట్లు కావాలండీ, ఇరవై మంది పిల్లలు, ఇద్దరికొకటి’ అన్నాను. ఆయన నసిగాడు, పాత స్టాకు చూపించాడు, ఆరు ఇచ్చాడు.

కాబట్టి మొదటి సంగతి, అంకె చెప్పండి. ‘మీకు తోచినంత’ అనేది వినయంలా కనిపిస్తుంది గానీ ఎదుటివాళ్లని ఇరకాటంలో పెడుతుంది, ఎక్కువిస్తే అమాయకుడంటారేమో, తక్కువిస్తే పీనాసి అంటారేమో అని వాళ్ల లెక్కల్లో వాళ్లుంటారు. మనకి చదివింపుల అలవాటు ఉండనే ఉంది, 116, 516, 1,116 అంటే ఎవరికీ వింతగా ఉండదు, ఆ అంకెలు చెబితే అరవై ఏళ్ల ఆంటీ కూడా చటుక్కున పర్సు తీస్తుంది. కాస్త ఉన్నవాళ్ల దగ్గర ‘ఒక బాత్‌రూమ్ తలుపూ, బిగించే కూలీ’ అనో, ‘ఒకదానికి టైల్స్’ అనో చెప్పండి, మేస్త్రీ దగ్గర విడివిడిగా ధరలు రాయించుకోండి. మనిషికి తలుపు కనబడాలి, 4 లక్షల 80 వేలు కనబడదు.

రెండోది, డబ్బు విషయమని ముందే చెప్పేయండి. మనవాళ్లం కాఫీ తాగి, పిల్లల చదువులు అడిగి, మోకాళ్ల నొప్పులు విని, లేచి చెప్పులేసుకుంటూ ‘అన్నట్టు...’ అంటాం. అలా అంటే ఇంతసేపూ ఇందుకా అనిపిస్తుంది ఎవరికైనా. ‘అంకుల్, ఐదు నిమిషాలు మాట్లాడాలి, డబ్బు విషయమే, నా కోసం కాదు, ఎప్పుడు రమ్మంటారు?’ అని ఫోన్లో అడిగి వెళ్లండి. వెళ్లి బకెట్ల వరస గురించి చెప్పండి, గంట నిద్ర గురించి చెప్పండి, మీరెంత ఇచ్చారో చెప్పండి (ముందు మీది వేయకుండా ఎవరి గడపా తొక్కకండి, మొదటి ప్రశ్న అదే వస్తుంది, నాన్నగారన్న మాటలో అంతవరకు నిజముంది), అంకె చెప్పండి, ఆ తర్వాత నోరు మూసుకోండి. ఇదే అన్నిటికంటే కష్టం. ఆ అయిదు సెకన్ల నిశ్శబ్దంలో మనకి చెమటలు పట్టి ‘పర్లేదులెండి, వీలైతేనే, ఇప్పుడే అని కాదు’ అని మనమే వాళ్లకి తలుపు తీసి పంపించేస్తాం. ఫ్యాను వంక చూడండి, కాఫీ కప్పు వంక చూడండి, మాట్లాడకండి.

చేతులు వణుకుతాయా? వణకనివ్వండి. నాకు ఇప్పటికీ వణుకుతాయి. పల్చటి కాగితం పట్టుకుంటే వణుకు అందరికీ కనబడుతుంది, పరీక్ష అట్ట మీద పెట్టుకుని పట్టుకోండి. ఒక్కరే వెళ్లకండి, చవితి కుర్రాళ్లని చూసి నేర్చుకోండి. ఆదివారాలు హోముకి వచ్చే ఇంకొకరెవరైనా ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు రసీదు రాస్తారు, మీరు తడబడితే ఆవిడ అందుకుంటుంది. మొదటి మూడిళ్లూ కచ్చితంగా ఇస్తారని మీకు తెలిసిన ఇళ్లే అయ్యుండాలి, పిన్నో మావయ్యో పాత రూమ్‌మేటో. గొంతు సవరించుకోవడానికన్నమాట.

అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో మాట్లాడే అవకాశం వస్తే, పార్కింగ్ గొడవ మొదలవ్వక ముందే మీ మాట అయిపోయేలా చూసుకోండి. నేను చెప్పేది అనుభవం మీద. ట్యాంకర్ల బిల్లు, పార్కింగ్, పెంపుడు కుక్కలు, వీటి తర్వాత లేచి నిలబడితే సాక్షాత్తూ లక్ష్మీదేవి అడిగినా ఎవరూ వినరు.

కాదనేవాళ్లు ఉంటారు. ‘చూద్దాంలే’ అంటే లేదని, ‘మా వారినడిగి చెప్తా’ అంటే ఇంకోసారి అడగమని, ‘మొన్నే తిరుపతి హుండీలో వేసొచ్చాం’ అంటే నిజంగానే వేసొచ్చారని. వీటికి బాధపడక్కర్లేదు, నవ్వి లేచి రండి, మర్నాడు లిఫ్ట్‌లో కనబడితే ఎప్పటిలాగే పలకరించండి (అంటే మీరు ఇప్పటిదాకా పలకరించలేదు కదా, అదే మొదలెట్టండి). ‘ఇవన్నీ మోసాలండీ’ అనేవాడు మాత్రం మీకు పనికొచ్చేవాడు. అతను అడిగేది కాగితాలు, అవి మీ దగ్గర ఉండాలి.

అందుకని ఎవరినీ అడగక ముందు మీ మేడమ్ గారిని అడగండి. రెండేళ్లుగా వెళ్తున్నారు, నమ్మకం ఉంది, సరే, అయినా అడగండి. హోముకి బాల న్యాయ చట్టం (2015) 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందా, అయిదేళ్లకోసారి అది రెన్యువల్ చేయించాలి, చేయించారా? ప్రతి పిల్ల పేరు మీదా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఆర్డరు ఉందా? రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని ఉంచుకోవడం నేరం, దానికి జైలు కూడా ఉంది. ట్రస్టుకి పాన్, ఆడిట్ లెక్కలు, 80జి (ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉన్నాయా? మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఇవి అడగడం మీకు సిగ్గనిపించదు, మేడమ్ గారు మంచివారైతే ఒక ఫైలు తీసి మీ ముందు పెడతారు. కోప్పడితే మాత్రం మీ నిద్ర పట్టకపోవడానికి వేరే కారణం ఉందని అర్థం.

80జి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మీ ఆఫీసులో మొదటి ప్రశ్న అదే. ఆ మినహాయింపు పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకే, కొత్త పద్ధతికి మారినవాళ్లకి రాదు. 2,000 దాటిన నగదుకి కూడా రాదు, కాబట్టి యూపీఐలోనో చెక్కుతోనో ఇమ్మనండి. తెలియకుండా ‘ట్యాక్స్ మినహాయింపు ఉంది సర్’ అని అందరికీ చెప్పేసి మార్చిలో తిట్లు తినకండి.

డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలి? ట్రస్టు ఖాతాలోకే. మీ ఫోన్‌పే నంబరు ఎవరికీ ఇవ్వకండి, ఎంత సుళువైనా సరే. ఇది నేను దెబ్బతిని చెబుతున్న మాట. ఆ దుప్పట్ల తర్వాత ఇంకో ఏడాది పిల్లల వంటపాత్రల కోసం బంధువుల దగ్గర పోగుచేసిన డబ్బు నా పొదుపు ఖాతాలోనే వేయించుకున్నాను, నా జీతంతో కలిసిపోయింది, నా చేతి నుంచి 2,300 ఎక్కువే ఖర్చయింది గానీ ఒక్క బిల్లూ జాగ్రత్త చేసుకోలేదు. ఆరు నెలల తర్వాత ఒక పెళ్లిలో, బంతి భోజనాల దగ్గర, దగ్గరి బంధువు ఒకాయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ ‘ఇంతకీ ఆ డబ్బులేమయ్యాయే’ అన్నాడు నవ్వుతూ. విస్తరి ముందు నుంచి లేవలేను, జవాబు చెప్పలేను. ఆయన నన్ను అనుమానించలేదని ఇప్పటికీ అనుకుంటాను, కానీ ఆ బంతిలో కూర్చున్న అందరూ ఒక్క క్షణం తినడం ఆపారు. మీరు మొదటి రోజు నుంచే ఒక షీటు పెట్టండి, వచ్చిందెంత, పోయిందెంత, ఏ బిల్లు, అడిగినా అడక్కపోయినా పదిహేను రోజులకోసారి ఇచ్చినవాళ్లందరికీ పంపండి. ఈ పనిలో మాటకారులందరికంటే మీరే ముందుంటారు. రెండోసారి అడిగే హక్కు మాటల వల్ల రాదు, ఆ షీటు వల్ల వస్తుంది.

అమెరికాలో బంధువులు ఉండే ఉంటారు, విశాఖలో లేనిదెవరికి! అక్కడ జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళం అవుతుంది, ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. ‘నీ ఖాతాలో వేస్తాలే, నువ్వు ఇచ్చెయ్’ అంటాడు మీ అన్నయ్య, ప్రేమగానే అంటాడు. వద్దనండి. ఇండియాలో ఉన్న అత్తయ్య తన డబ్బు తనే ఇస్తానంటే అది వేరే సంగతి.

ఇక ఫొటోలు. దీని మీద కాస్త గట్టిగానే చెప్తాను. డబ్బు రావాలంటే పిల్లల మొహాలు చూపించాలని మీకు పదిమంది చెబుతారు, కళ్లలో నీళ్లుంటే ఇంకా మంచిదంటారు. ఇలాంటి హోముల్లో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, వాళ్లని గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని ఆ బాల న్యాయ చట్టమే 74వ సెక్షన్‌లో చెబుతోంది, ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచండి, మీ దగ్గర లెక్కలు నేర్చుకునే తొమ్మిదో తరగతి పిల్ల మొహం మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగి, రేపు ఆ పిల్లతో చదివే అమ్మాయి ఫోన్లోకి వస్తే? మీ ఉత్తరంలోనే ఒక ఫొటో ఉంది, మీరు చూసుకోలేదు. రాత్రి పూట, పిల్లలెవరూ లేని వరండాలో, మూడు తలుపుల ముందు 38 బకెట్లు. బకెట్ల మీద పేర్లు రాసి ఉంటే వాటిని గోడవైపు తిప్పి తీయండి. ఇంకేం అక్కర్లేదు.

‘మా బాబు పుట్టినరోజు హోములో చేసుకుంటాం, అన్నం ఖర్చు మాదే’ అనేవాళ్లు కూడా వస్తారు. మంచి మనసే, కానీ నేను చూసిన ఒక పుట్టినరోజు చెప్తాను. పన్నెండున్నరకి వస్తామన్నవాళ్లు రెండున్నరకి వచ్చారు, పిల్లలు కంచాల ముందు కూర్చునే ఉన్నారు, కేకు కోశాక, పాట పాడాక, ఫొటోగ్రాఫరు లైటు సర్దుకున్నాక అప్పుడు వడ్డించారు. ఒక చిన్నది కంచంలో వేలితో గీతలు గీసుకుంటూ కూర్చుంది. అలాంటివాళ్లకి మీరు మర్యాదగా ‘పుట్టినరోజు పేరు మీద ఒక తలుపు పెట్టించండి, లేదా ఒక నెల కరెంటు బిల్లు కట్టండి’ అని చెప్పండి. బియ్యం, స్వీట్లు, పాత బట్టలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, వార్డెన్ జీతం, మోటారు రిపేరు, సెప్టిక్ ట్యాంకు ఇచ్చేవాళ్లే దొరకరు. అన్నట్టు నాలుగు బాత్‌రూమ్‌లు పెరిగితే నీళ్లూ సెప్టిక్ ట్యాంకూ సరిపోతాయా? మేస్త్రీ ఆ 4 లక్షల 80 వేలలో అది కలిపాడో లేదో ఈ ఆదివారమే అడగండి, సగం కట్టాక ఇంకో లక్ష అడగడం కంటే ఇప్పుడే అంకె మార్చుకోవడం నయం.

అంకెల దగ్గరికొచ్చాం కాబట్టి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఫ్లాట్లున్నాయో రాయలేదు, అరవై నాలుగు అనుకుందాం. సగంమంది 1,116 ఇచ్చినా వచ్చేది 35,712. ముప్పై రెండు తలుపులు కొట్టినా పదో వంతు కూడా రాదు. చాలామంది ఇక్కడే నీరసపడిపోతారు. అందుకని పైనుంచి మొదలుపెట్టండి, లక్ష ఇవ్వగల ఒక్కరు, యాభై వేలు ఇవ్వగల ఇద్దరు, పది వేలు ఇచ్చేవాళ్లు పదిమంది, అక్కడికి 3 లక్షలు. మిగతాది అపార్ట్‌మెంట్, ఆఫీసు, పాత క్లాస్‌మేట్లు. లక్ష ఇవ్వగలవాళ్లు నాకెవరూ తెలియరు అంటారేమో, మీ కంపెనీ బయటి ఆడిటర్‌కి తెలుసు, హోము పక్కనే ఇల్లున్న డాక్టరుగారికి తెలుసు, ‘మీరే ఇవ్వండి’ అని అడగలేకపోతే ‘ఎవరిని అడగొచ్చో చెప్పండి’ అని అడగండి, అది కాస్త తేలిక, కొన్నిసార్లు వాళ్లే ఇచ్చేస్తారు. టైల్స్ కొట్టువాళ్ల దగ్గర మిగిలిపోయిన లాట్లు ఉంటాయి, రంగులు కలవకపోవచ్చు, పిల్లలేమీ అనుకోరు. మీ కంపెనీ పెద్దదైతే సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఉండొచ్చు, ముందటి ఏడాదిలో 500 కోట్ల నెట్‌వర్త్ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల లాభం గానీ ఉన్న కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు తీసుకోవాలంటే ట్రస్టు సీఎస్‌ఆర్-1 ఫారం వేసి ఉండాలి, ఆలస్యం కూడా అవుతుంది, దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఒక దరఖాస్తు మాత్రం పడేయండి.

ఇంకొక్కటి, ఇది డబ్బు పోగుచేయడం కాదు గానీ దానికంటే ముఖ్యం అనిపిస్తుంది నాకు. అక్కడున్న 38 మందిలో అందరూ అమ్మా నాన్నా లేనివాళ్లే అయ్యుండరు, ఇలాంటి చాలా చోట్ల ఎంతోమందికి ఎక్కడో అమ్మో అమ్మమ్మో ఉంటుంది, చదివించే స్తోమతే ఉండదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ అని నెలకి 4,000 రూపాయలు వస్తాయి, అర్హత ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే ఉండి చదువుకునేందుకు. అది ఎవరికైనా వర్తిస్తుందేమో జిల్లా బాలల సంరక్షణ ఆఫీసులో కనుక్కోమని మేడమ్ గారికి చెప్పండి. ఇద్దరు పిల్లలు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లగలిగినా వరసలో రెండు బకెట్లు తగ్గుతాయి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిల్లలెంతమంది, బాత్‌రూమ్‌లెన్ని, మేస్త్రీ ఏమన్నాడు, నాన్న ఏమన్నారు, అన్నీ రాశారు. నన్ను మాత్రం ఒక్క రూపాయి అడగలేదు. చూశారా! నాకు మళ్లీ రాయండి, ఈసారి సలహా వద్దు, ట్రస్టు ఖాతా వివరాలు పెట్టి, నా నుంచి ఎంత కావాలో అంకె వేసి. కొంచెం ఎక్కువే వేయండి, బేరమాడే అలవాటుంది నాకు. రసీదు మీద పాన్ నంబరు రాయించడం మర్చిపోవద్దు, నేనింకా పాత పద్ధతిలోనే పన్ను కడుతున్నాను.